ముల్‌హాలండ్ డ్రైవ్: ఒక కలను చదివిన చరిత్ర

ముల్‌హాలండ్ డ్రైవ్ అమెరికన్ దర్శకుడు డేవిడ్ లించ్ రాసి, తీసిన మిస్టరీ సినిమా. లాస్ ఏంజెలెస్ కొండల మీది రోడ్డు పేరే దీనికి పెట్టారు. 1999లో ఏబీసీ చానల్ కోసం టీవీ ధారావాహిక తొలి భాగంగా మొదలైంది. చానల్ వద్దనడంతో మూలన పడింది. ఫ్రెంచ్ సంస్థ స్టూడియోకెనాల్ డబ్బు పెట్టాక లించ్ కొత్త సన్నివేశాలు తీసి సినిమాగా మలిచాడు.

నటి కావాలని హాలీవుడ్‌కు వచ్చిన బెట్టీ, కారు ప్రమాదంలో గతం మరచిన రీటాకు సాయపడుతుంది. ఒక నీలం పెట్టె తెరుచుకోగానే కథ తలకిందులవుతుంది. బెట్టీగా కనిపించిన నవోమీ వాట్స్ ఇప్పుడు అవకాశాల్లేని డయాన్. రీటాగా కనిపించిన లారా హారింగ్ ఆమెను వదిలేసిన స్టార్ కమిల్లా.

మొదటి భాగమంతా డయాన్ కల, మిగతాది ఆమె మెలకువ అన్నది ఎక్కువమంది ఒప్పుకునే అన్వయం. దానికి ఆధారాలు సినిమాలోనే ఉన్నాయి. టైటిల్స్‌కు ముందే కెమెరా ఎర్రటి దిండులోకి దిగిపోతుంది. వింకీస్ హోటల్లో వడ్డించే అమ్మాయి పేరు కలలో డయాన్, మెలకువలో బెట్టీ. కమిల్లాను చంపించడానికి డయాన్ పెట్టుకున్న కిరాయి హంతకుడు పని పూర్తయిందని చెప్పడానికి వదిలే మామూలు నీలం తాళంచెవి కలలో వింత ఆకారం దాలుస్తుంది. పగటి తునకలే రాత్రి వేషం మార్చుకుని వస్తాయని 1899లో ఫ్రాయిడ్ తన స్వప్న గ్రంథంలో చెప్పింది ఇలాంటి పనినే.

అయితే కల అనే ఈ అన్వయానికి లొంగని సన్నివేశం ఒకటుంది. క్లబ్ సిలెన్సియోలో ఇక్కడ బ్యాండు లేదని, అంతా రికార్డింగేనని ముందే చెబుతారు. తర్వాత రెబెకా డెల్ రియో, రాయ్ ఆర్బిసన్ పాట ‘క్రయింగ్’ను స్పానిష్‌లో పాడుతుంది. మధ్యలో కుప్పకూలుతుంది. పాట మాత్రం ఆగదు! అబద్ధమని తెలిసీ బెట్టీ, రీటా వెక్కి వెక్కి ఏడుస్తారు. చూస్తున్నవాళ్ల గొంతూ పూడుకుపోతుంది. సినిమాకు గుండెకాయ ఈ ఘట్టమే. దీన్ని విప్పి చెప్పడం కంటే మళ్లీ చూడడం మేలు.

2001 కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి పురస్కారాన్ని జోయెల్ కోయెన్‌తో కలిసి లించ్ పంచుకున్నాడు. తర్వాత వచ్చిన డీవీడీతో ప్రేక్షకులకు 10 ఆధారాలు అందాయి: ఎర్ర దీపం గొడుగును గమనించండి, కాఫీ కప్పును, యాష్‌ట్రేను గమనించండి అంటూ. దాంతో వాదనలు తగ్గకపోగా పెరిగాయి. 2016లో బీబీసీ 177 మంది విమర్శకులను అడిగితే 21వ శతాబ్దపు సినిమాల్లో దీనికే మొదటి స్థానం దక్కింది.

2025 జనవరిలో లించ్ చనిపోయాడు. సినిమాకు అర్థమేమిటో ఆయన చివరిదాకా చెప్పలేదు.