తారామతి పేరు, హయాత్ బక్షీ దారి

రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి షేక్‌పేట వైపు వచ్చే దారిలో, పాత బొంబాయి రోడ్డు పక్కన ఒక సరాయి ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. రెండంతస్తులు, వరసగా గదులు, గుర్రాలనీ ఒంటెలనీ కట్టేసుకునే చోటు, పక్కనే మసీదు. గోల్కొండకి వచ్చే వర్తకులూ బాటసారులూ మూటలు దించుకుని నడుం వాల్చిన చోటు. ఇప్పుడు దాని చుట్టూ అద్దాల మేడలు, సర్వీస్ అపార్ట్‌మెంట్లు, 2022లో తెరిచిన ఫ్లై ఓవర్. సైబరాబాదులో "చూడవలసిన స్థలాలు" అని ఇచ్చే పట్టికల్లో దుర్గం చెరువు ఉంటుంది, శిల్పారామం ఉంటుంది, మాల్స్ ఉంటాయి. యాత్రికుల కోసమే కట్టిన ఈ సరాయి మాత్రం సాధారణంగా ఉండదు.

నాది సాహిత్య పరిశోధన. యాత్రా కథనాలు చదవడం వృత్తిలో భాగం. ఆ చదువుతోనే ఈ సరాయి ముందు నిలబడితే నాకు కలిగే సందేహం చాలా మామూలుది. ఈ గదుల్లో ఎప్పుడైనా ఒక స్త్రీ తన ప్రయాణం తాను చేస్తూ, తన పని మీద తాను పోతూ, ఒక రాత్రి పడుకుందా? వండిపెట్టిన వాళ్ళుగా, నీళ్ళు మోసిన వాళ్ళుగా, మేనాల్లో తెరల వెనక వచ్చిన వాళ్ళుగా స్త్రీలు ఉండే ఉంటారు. బాటసారిగా ఉందా అన్నదే ప్రశ్న.

పదిహేడో శతాబ్దపు గోల్కొండని చూసి రాసిన విదేశీయుల్లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ మనవాళ్ళకి బాగా తెలిసినవాడు. ఆయన పుస్తకం 1676లో అచ్చయింది. వజ్రాల గనుల గురించి ఆయన రాసినవి అందరూ ఉటంకిస్తారు. స్త్రీల గురించి రాసిన పేజీలని కాస్త చిలిపిగా ప్రస్తావించి వదిలేస్తారు. ఆ పేజీల్లో ఉన్నది ఇదీ: నగరంలో ఇరవై వేల మందికి పైగా వెలయాళ్ళు దరోగా పుస్తకంలో నమోదై ఉన్నారు. వాళ్ళు రాజుకి పన్ను కట్టనక్కర్లేదు. శుక్రవారం శుక్రవారం కొందరు వచ్చి రాజు కూర్చునే మేడ ముందు ఆడాలి. సాయంకాలం చల్లబడ్డాక ఇళ్ళ గుమ్మాల ముందు కూర్చుంటారు. రాత్రయితే దీపం పెడతారు. అప్పుడే కల్లు దుకాణాలూ తెరుచుకుంటాయి. కల్లు మీద వచ్చే సుంకమంతా రాజుదే కాబట్టి ఈ స్త్రీలని ఉండనిస్తున్నారని టావెర్నియర్ లెక్క తేల్చాడు. వర్తకుడి కన్ను కదా, డబ్బు ఎటు పోతోందో పట్టుకుంది. అంకె నిజమో అతిశయోక్తో గానీ, స్త్రీ శరీరానికీ రాజ్యం ఖజానాకీ మధ్య ఉన్న దారిని ఇంత సూటిగా చెప్పిన వాక్యాలు మన చరిత్ర పుస్తకాల్లో నేను చూడలేదు.

ఇంకో ముచ్చట కూడా రాశాడు. రాజు మచిలీపట్నం చూడబోయినప్పుడు తొమ్మిది మంది స్త్రీలు కలిసి ఏనుగు ఆకారం కట్టారట. నలుగురు నాలుగు కాళ్ళు, నలుగురు ఒళ్ళు, ఒకామె తొండం. రాజు ఆ ఏనుగు మీద కూర్చుని పట్టణంలోకి ప్రవేశించాడు. ఇది వాళ్ళ ఒంటి చురుకుదనానికి ఉదాహరణగా, మెచ్చుకోలుగా చెప్తాడాయన. నేనీ భాగం తరగతిలో చదివి వినిపించినప్పుడల్లా మగపిల్లలు నవ్వుతారు. ఆడపిల్లల్లో ఎవరో ఒకరు "ఆ తొమ్మిది మందీ ఎంతసేపు మోశారు మేడమ్?" అంటారు. గోల్కొండనీ సముద్రతీరాన్నీ కలిపే ఆ బాట గురించి వజ్రాలు, అద్దకం బట్టలు, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అని ఎన్నో చదివాం. ఆ దారి చివర ఈ తొమ్మిది మంది కూడా ఉన్నారు. టావెర్నియర్ ఒక్కరి పేరూ చెప్పలేదు.

పేర్లు మిగిలినవి ఇద్దరివి. తారామతి, ప్రేమామతి. ఇబ్రహీంబాగ్‌లో గుట్ట మీద పన్నెండు ద్వారాల మండపం తారామతి బారాదరి. గచ్చిబౌలి నుంచి కారులో ఎంతోసేపు పట్టదు. ఉమ్మడి రాష్ట్రంలోనే పర్యాటక శాఖ దాన్ని సాంస్కృతిక కేంద్రంగా మార్చి, ఆరుబయట రంగస్థలం, హోటలు కట్టింది. కథ అందరికీ తెలిసిందే. తారామతి అక్కడ పాడితే అబ్దుల్లా కుతుబ్‌షా కోటలో కూర్చుని వినేవాడట. అక్కచెల్లెళ్ళిద్దరూ కోట దాకా కట్టిన తాళ్ళ మీద నాట్యం చేస్తూ వెళ్ళేవారట. గైడు ఈ కథ చెప్తుంటే కంపెనీల నుంచి వచ్చిన కుర్రాళ్ళు గాలి ఎటు వీస్తుంది, శబ్దం ఎంత దూరం పోతుంది అని చర్చిస్తారు. ఏ రాగం పాడింది, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఆమె పాటలు ఏ భాషలో ఉండేవి అన్న ప్రశ్నలు ఎవరికీ రావు. కథలో ఆమె గొంతు ఉన్నది రాజు చెవి కోసమే.

కానీ కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో వాళ్ళిద్దరికీ సమాధులున్నాయి. ప్రేమామతి సమాధి మీద పారశీకంలో ఆమె పేరుతో శాసనం ఉంది. రాజవంశీకుల శ్మశానంలో ఇద్దరు కళాకారిణులకి చోటు దొరకడం, పేరు రాతిలో ఉండటం చిన్న విషయం కాదు. తాళ్ళ మీద నాట్యం కంటే నాకదే ఎక్కువ ఆశ్చర్యం. భాగమతి సంగతి దీనికి తిరగేసినట్టుంటుంది. ఆమెకి ఒక నగరమంత కథ ఉంది, గుర్తుపట్టగల సమాధి లేదు. అసలామె ఉందా లేదా అని షేర్వానీ ఒకవైపు, నరేంద్ర లూథర్ మరోవైపు దశాబ్దాల పాటు వాదించారు. వాదమంతా రాజు ఆమెను ప్రేమించాడా లేదా అన్న దాని చుట్టూనే తిరిగింది.

ఇది మనకే ఉన్న జబ్బు కాదు. మాదాపూర్ ట్రావెల్ ఏజెన్సీల్లో ఇప్పుడు స్పెయిన్ ప్యాకేజీలు కనిపిస్తుంటాయి. 2011లో ముగ్గురు మగ స్నేహితులు స్పెయిన్ తీరాల వెంట కారులో తిరిగిన హిందీ సినిమా వచ్చాక మన మధ్యతరగతికి ఆ దేశం మీద మోజు పెరిగింది. ఆ యాత్రల్లో తగిలే కార్డోబాలో రెండు చేతులు ఒకదానినొకటి తాకబోతున్నట్టున్న ప్రేమికుల స్మారకం ఉంది, 1971లో పెట్టింది. ఒక చెయ్యి పదకొండో శతాబ్దపు కవయిత్రి వల్లాదాది, రెండోది కవి ఇబ్న్ జైదూన్‌ది. వల్లాదా ఖలీఫా కూతురు. తన కవితలు తన అంగీ మీద కుట్టించుకుని తిరిగిన మనిషి, ఇంట్లో సాహిత్య సభలు నడిపింది, అదే ఇబ్న్ జైదూన్‌ని కవిత్వంలో ఘాటుగా తిట్టింది. స్మారకం మీద ఆమె పంక్తులూ చెక్కారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. అయినా యాత్రికుడు ఫొటో తీసుకునేది ప్రేమికురాలిని. తిట్టిన కవయిత్రిని చూడాలంటే పుస్తకాల్లో వెతుక్కోవాలి.

ఇక హయాత్ బక్షీ బేగం. మహమ్మద్ కులీ కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా తల్లి అని పరిచయం చేస్తారు. మూడు తరాల మగవాళ్ళ మధ్య ఆమెను నిలబెట్టడానికి ఈ వరస బాగా పనికొస్తుంది. 1626లో భర్త పోయేనాటికి కొడుకు ఇంకా బాలుడు. రాజ్యం నడిపించిన చెయ్యి ఆమెది. 1656లో ఔరంగజేబు గోల్కొండని ముట్టడించినప్పుడు మొగలుల శిబిరానికి స్వయంగా వెళ్ళి సంధి మాట్లాడింది ఆమే. ఆ సంధిలో భారీ పరిహారంతో పాటు అబ్దుల్లా కూతుర్ని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్ళి చేయాలన్న షరతు కూడా ఉంది. ఒక నాయనమ్మ రాజ్యాన్ని నిలబెట్టింది, మనవరాలు అందుకు మూల్యమైంది. హయాత్ బక్షీని మన వీరనారుల జాబితాలో చేర్చి చప్పట్లు కొట్టే ముందు ఈ రెండో వాక్యం కూడా చదువుకోవాలనిపిస్తుంది నాకు. 1667లో ఆమె చనిపోయింది. సమాధి రాజుల సమాధులకి ఏమీ తీసిపోదు. 2013లో ఆగాఖాన్ ట్రస్టు మొదలుపెట్టి 2024లో ముగించిన పునరుద్ధరణ తర్వాత సున్నపు పనితనం మళ్ళీ కనిపిస్తోంది.

అయితే ఆమెను చూడవలసిన చోటు సమాధి కాదు, మచిలీపట్నం బాట మీద ఆమె పేరుతో వెలసిన హయత్‌నగర్. అక్కడి మసీదు చుట్టూ బాటసారుల కోసం గదులు కట్టి ఉన్నాయి. అదొక సరాయి. పక్కనే హాథీ బావి అనే పెద్ద దిగుడు బావి. మాసాబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తాలాబ్ అనీ, ఆ మా సాహెబా ఈమేననీ కూడా చెప్తారు. రాజులు కోటలూ మినార్లూ కడితే, స్త్రీల పేరు మీద మిగిలినవి ఎక్కువగా చెరువులు, బావులు, దారిన పోయేవాళ్ళకి గదులు! లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ దాకా ఈ వరస సాగుతుంది. స్త్రీ ఆతిథ్యమిస్తుంది గానీ అతిథి కాదు. బాటసారికి గది కట్టిస్తుంది, బాటసారి కాదు.

మహలఖాబాయి చందా (1768–1824) కొంత వేరు. నిజాం ఆస్థానంలో జాగీర్లు పొందింది, వేటకీ యుద్ధయాత్రలకీ వెంట వెళ్ళింది, ఉర్దూలో దీవాన్ కూర్చింది. దాని ప్రతి ఒకటి 1799లో జాన్ మాల్కమ్ అనే ఇంగ్లీషు అధికారికి తానే ఇచ్చింది. అదిప్పుడు లండన్‌లో ఉంది. తొలి ఉర్దూ మహిళా దీవాన్ ఆమెదేనా, అంతకు ముందే వచ్చిన లుత్ఫున్నీసా ఇంతియాజ్‌దా అన్న చర్చ ఉంది. మొదటి స్థానం ఎవరిదైతేనేం, ఇద్దరూ దక్కనువాళ్ళేగా. మౌలాలీ గుట్ట కింద తల్లికి సమాధీ తోటా కట్టించి, తానూ అక్కడే ఒరిగింది. సూసీ తారూ, కె. లలితల సంకలనంలో ఆమె కవిత చదివిన మన తరం పరిశోధకుల్లో ఎంతమంది మౌలాలీ వెళ్ళి చూశాం?

హైటెక్ సిటీ దగ్గరికి వస్తే, 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి దీని చరిత్ర మొదలైనట్టు చెప్పుకుంటారు. పక్కనున్న దుర్గం చెరువు గోల్కొండకి నీళ్ళిచ్చిందని అంటారు. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన వచ్చాక అది సెల్ఫీలకి కేంద్రమైంది. ఈ గుట్టల్ని పగలగొట్టినవాళ్ళు, ఈ అంతస్తులు మోసినవాళ్ళు చాలామంది పాలమూరు కూలీలు. మా అపార్ట్‌మెంటులో నాలుగిళ్ళలో వంట చేసే ఆవిడ ఒకరోజు బాల్కనీలోంచి ఒక మేడ చూపించి, "గా బిల్డింగుల ఆరో అంతస్తు దాంక తట్టలు మోసిన మేడమ్, మా పెద్దోడు కడుపుల ఉన్నడప్పుడు" అంది. తర్వాత ఎప్పుడైనా లోపలికి వెళ్ళావా అనడిగాను. "కార్డు లేనిది ఎవలు రానిస్తరు?" అని నవ్వేసింది.

కార్డున్న అమ్మాయిలకి మాత్రం ఈ వీధులు తేలికా? 2013 అక్టోబరులో మాదాపూర్‌లో క్యాబ్ ఎక్కిన యువ ఉద్యోగినిని అపహరించి అత్యాచారం చేశారు. ఏడాదికి, 2014 అక్టోబరులో షీ టీములు వచ్చాయి. రక్షణ అవసరమే. కానీ అప్పట్లో వినిపించిన సలహాలన్నీ ఎన్ని గంటలకి ఇంటికి చేరాలన్న దాని గురించే. ఊరు చూడటం గురించి, ఊరికే తిరగడం గురించి ఒక్క మాట లేదు. 1870లలోనే ఇంగ్లండు చూసి వచ్చి తెలుగులో రాసుకున్నదాన్ని తానే ఇంగ్లీషు చేసి 1876లో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్'గా అచ్చు వేయించిన పోతం జానకమ్మ మనకుంది. 'కాశ్మీర దీపకళిక' రాసిన నాయని కృష్ణకుమారి ఉంది. వాళ్ళకున్న పాటి కుతూహలం మన దగ్గరా ఉంది. సమయం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి జీరో టికెట్ వచ్చాక ఆదివారాలు సమాధుల తోటలో కొత్త ముఖాలు కనిపిస్తున్నాయి. టిఫిన్ డబ్బాలు, పిల్లలు, కబుర్లు. మగతోడు లేని గుంపులు. బస్సులన్నీ ఆడవాళ్ళతో నిండిపోతున్నాయని విసుక్కునే మగవాళ్ళ మాటలూ వింటున్నాం.

మొన్న హయత్‌నగర్ వెళ్ళేటప్పుడు కండక్టరమ్మని అడిగాను, ఈ ఊరికి ఆ పేరెలా వచ్చిందో తెలుసా అని. తెలియదంది. చెప్పాను. "హయత్ అంటే ఆడమనిషి పేరా? గీ రూట్ల పదేండ్ల సంది తిరుగుతున్న అక్కా, ఎవలూ చెప్పలే" అంది. మసీదు ఎక్కడ దిగితే దగ్గరో మాత్రం కచ్చితంగా చెప్పి, జీరో టికెట్టు చింపి నా చేతిలో పెట్టి, వెనక సీట్ల వైపు వెళ్ళిపోయింది.