తెల్లకర్ర చరిత్రము

పట్టణములలోని సేవాసంఘముల వార్షిక నివేదికలను చదువువారికి మూడు శీర్షికలు తప్పక కన్పట్టును: చేసిన పనులు, విచ్చేసిన వక్తలు, పొందిన బహుమానములు. ఈ మూడింటికిని సంబంధ మేమియు లేనట్లే అవి వేర్వేరు పుటలలో అచ్చుపడియుండును. వక్త వచ్చును; పూలదండ వేయుదురు; ఉపన్యాసము ముగియును; వందన సమర్పణము జరుగును; ఎవరి యిండ్లకు వారు వెళ్లుదురు. వారమువారము జరుగు నీ తంతువలన ఊరికి ఒరిగిన దేమని అడుగువారు కలరు. ఆ ప్రశ్న అడుగదగినదే. దానికి ప్రత్యుత్తరముగా, ఒక్క చిన్న ఉపన్యాసమునుండి బయలుదేరిన కార్యమొకదాని చరిత్రను మీకు వినిపింపదలచితిని.

షికాగో నగరమున మెల్విన్ జోన్సు అను బీమా వ్యాపారి యుండెను. ఆయన చేరిన వర్తకుల సంఘమునకు ధ్యేయము, సభ్యులు ఒకరి వ్యాపారమునకు మరియొకరు తోడ్పడుట. ఇంతమంది సమర్థులు తమ లాభముకొరకు మాత్రమే కూడనేల, ఊరి మేలుకొరకు కూడరాదా యని ఆయన తలచెను. అట్టి సంఘములు పలుచోట్ల నుండెను. వాని ప్రతినిధులు 1917వ సంవత్సరము జూన్ 7వ తేదీన షికాగోలో సమావేశమైరి. ఆ యక్టోబరు నెలలోనే డల్లాసు నగరమున లయన్స్ క్లబ్బుల మొదటి మహాసభ జరిగెను. సభ్యుల ధనలాభము ఏ క్లబ్బునకును ధ్యేయముగా నుండరాదని వారు నియమము చేసికొనిరి. నియమము మంచిదే. కాని ఏమి చేయరాదో తేల్చుకొనుట సులభము. ఏమి చేయవలెనో తేల్చుకొనుట కష్టము. ఒక్కొక్క ఊరి క్లబ్బు తనకు తోచిన సత్కార్యము తాను చేయుచుండెను. అంధులకు సాయపడిన క్లబ్బులును కొన్ని యుండెను. అందరిని ఒక్క త్రోవన నడపు పని మాత్రము ఇంకను ఏర్పడలేదు.

1925వ సంవత్సరము జూన్ 30వ తేదీన ఒహాయో రాష్ట్రములో, ఈరీ సరస్సు తీరమునగల సీడర్ పాయింటులో, ఆ సంస్థ మహాసభ జరిగినపుడు హెలెన్ కెల్లరు అతిథిగా వచ్చెను. ఆమెకు నలువదియైదేండ్లు నిండి మూడు దినములే యైనది. పందొమ్మిది నెలల పసితనమున వచ్చిన జబ్బువలన ఆమె చూపును వినికిడిని కోల్పోయెను. 1887లో గురువుగా వచ్చిన ఆన్ సలివన్, పిల్ల యరచేతిలో వ్రేళ్లతో అక్షరములు గుర్తించి మాటలు నేర్పెను. ఆ పిల్లయే 1904లో పట్టభద్రురాలయ్యెను. అట్టి మనిషి సభలో నిలిచినపుడు ఎవరికైనను జాలి కలుగును. ఆమె యా జాలిని కోరలేదు.

ఆమె ప్రసంగము అచ్చులో ఒక పుటకు మించదు. అందులోని కోరికలు స్పష్టములు. ఆపదగిన అంధత్వమును ఆపవలెను. చూపును వినికిడియు లేని బిడ్డ చదువులేక మిగులరాదు. అంధుడు నిస్సహాయుడుగా నుండరాదు. అంధుల కొరకు పాటుపడు జాతీయ సంస్థకు చేయూత నీయవలెను. ఆమె భిక్ష యడిగి వెడలిపోలేదు, పని యప్పగించి వెళ్లినది. సంస్థవారు దానిని తమ ప్రధాన కార్యముగా స్వీకరించిరి.

ఆ పని వీథిలోనికి వచ్చిన విధము చూడుడు. 1930వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రములోని పియోరియా పట్టణమున, అక్కడి లయన్స్ క్లబ్బు అధ్యక్షుడైన జార్జి బోన్‌హామ్, అంధుడొకడు వీథి దాటలేక తికమకపడుట చూచెను. మోటారు బండ్లు అప్పటికి ఊరూర పెరిగినవి. అంధుని చేతికర్ర నల్లనిది. నల్లని బాటమీద అది బండి నడుపువానికి ఆనదు. కర్రకు తెల్లరంగు పూసి, నడుమ ఎఱ్ఱని పట్టీ వేసినచో దూరమునుండియే కనబడునని ఆయన సూచించెను. క్లబ్బువారు అట్టి కర్రలను చేయించి అంధులకు పంచిరి.

అంతటితో ఆగినచో అది పదుగురు మెచ్చిన దానముగానే మిగిలియుండును. వారు పురపాలక సంఘమును ఆశ్రయించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో, తెల్లకర్ర పట్టినవానికి ముందుగా దారి యీయవలెనని పియోరియాలో శాసనమైనది. నా దృష్టిలో ఈ చరిత్రకంతకు ఆయువుపట్టు ఇదియే. అంధునకు దారి యిచ్చుట అంతవరకు బండి నడుపువాని దయ. అటుపిమ్మట అది వాని విధి. 1931లో టోరంటో మహాసభనుండి లయన్స్ వారు ఈ కర్రను దేశమంతట ప్రచారము చేసిరి. 1956 నాటికి అమెరికాలోని రాష్ట్రములన్నిటను ఇట్టి చట్టములు వెలసెను.

తెల్లకర్రను కనిపెట్టిన కీర్తి ఒక్కరిది మాత్రము కాదు. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున జేమ్సు బిగ్సు అను ఛాయాగ్రాహకుడు, చూపు పోయిన పిమ్మట 1921లో తన కర్రకు తెల్లరంగు వేసికొనెను. 1931లో పారిసునగరమున గీలీ డెర్బెమాన్ అను ఉదారురాలు తెల్లకర్రలు పంచెను. ఇవి వేర్వేరు ఊళ్లలో ఒకే యవసరమునుండి పుట్టిన ఆలోచనలు.

ఆనాటి తెల్లకర్ర ముఖ్యముగా ఇతరులకు గుర్తు. 1944లో పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జి సైనిక వైద్యశాలయందు, యుద్ధమున కన్నులు పోయిన సైనికులకు శిక్షణ యిచ్చుచు రిచర్డు హూవరు మరియొక మెట్టు ఎక్కించెను. ఆయన కర్రను పొడవుగా, తేలికగా చేయించి, అడుగువేయబోవు చోటును ముందుగా తడవునట్లు ఇటునటు ఆడించుట నేర్పెను. అంతవరకు చూచువానికి హెచ్చరికయైన కర్ర ఆనాటినుండి పట్టినవానికి చూపైనది.

ఇక బహుమానముల మాట. 1964లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సను అక్టోబరు 15వ తేదీని తెల్లకర్ర దినముగా ప్రకటించెను. లయన్స్ సంస్థ 1971లో జూన్ 1వ తేదీని హెలెన్ కెల్లరు దినముగా నిర్ణయించెను. 1973నుండి మెల్విన్ జోన్సు పేర దాతలకు గౌరవచిహ్నము నిచ్చుచున్నారు. ఇవి తగినవే. అయినను ఒక్క సంగతి చెప్పకతప్పదు: ఆ సంస్థకు దారిచూపినది ఒక స్త్రీ, స్త్రీలకు సామాన్య సభ్యత్వ మిచ్చుటకు మాత్రము 1987 వరకు పట్టినది. పతకముల పట్టికలో ఇట్టి జాప్యములు కనబడవు.

హెలెన్ కెల్లరు 1955లో భారతదేశమునకు వచ్చెను. మరుసటి సంవత్సరము బొంబాయిలో మన దేశపు మొదటి లయన్స్ క్లబ్బు వెలసెను. అటుపిమ్మట మన తెలుగు పట్టణములలోను క్లబ్బులు పెరిగినవి; కంటి శిబిరములు నడిపి, పేదల కండ్లలోని శుక్లములు తీయించినవి. అది కొనియాడదగిన సేవ. శుక్లము తీసినను చూపురానివారి మాట యేమి? వారు నడువవలసినది మన వీథులలోనే. కాలిబాటమీద అంగడి సామానులు, మూతలేని మురుగుకాలువలు, ఆగని బండ్లు వారికెదురు. వీనిని తొలగించుటకు గొప్ప నిధులు అక్కరలేదు. పియోరియావారివలె పురపాలక సంఘము గుమ్మమెక్కు ఓపిక కావలెను.

కావున సేవాసంఘములవారికి నా మనవి యొకటి. వక్తకు వందనములు చెప్పిన వెంటనే సభ ముగింపకుడు. వక్త చెప్పినదానిలో మన ఊరికి చేయదగిన దేది, దానిని ఎవరు చేయుదురు, ఎప్పటిలోగా చేయుదురు అను మూడు సంగతులు వ్రాసికొని లేవుడు. సంఘములతో పనిలేని శ్రోతలకు ఇంకను చిన్న మనవి: వీథిలో తెల్లకర్ర కనబడినచో బండి ఆపుడు, కర్ర పట్టినవాడు దాటువరకు కూత వేయకుడు.