రంగు ఆలస్యంగా అందిన ఇస్తాంబుల్

1912లో స్టెఫాన్ పాసే అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గాజు పలకల పెట్టెలతో ఇస్తాంబుల్‌లో దిగాడు. పంపింది పారిస్ బ్యాంకర్ ఆల్బర్ట్ కాన్. లోకంలోని ఊళ్లనూ మనుషులనూ, అవి మారిపోకముందే రంగుల్లో దాచిపెట్టాలన్నది ఆయన పట్టుదల. 1931 దాకా సాగిన ఆ పనిలో పోగైన రంగు పలకలు దాదాపు 72 వేలు.

ఆ పనికి ఇస్తాంబుల్‌ని మించిన ఊరు లేదు. జనంలో సగానికి దగ్గరగా గ్రీకులు, ఆర్మేనియన్లు, యూదులు, తక్కిన ముస్లిమేతరులే. గలాటా వంతెన మీద ఫెజ్ టోపీలూ, గ్రీకు పూజారుల నల్లంగీలూ, ఐరోపా సూట్లూ భుజాలు రాసుకుంటూ నడిచేవి.

చిక్కంతా పలకలోనే ఉంది. లూమియేర్ సోదరులు 1907లో అమ్మకానికి తెచ్చిన ఆ ఆటోక్రోమ్ పలకలో రంగునిచ్చేది బంగాళాదుంప పిండి. కంటికి ఆనని పిండి రేణువులకు నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులద్ది, గాజు మీద పరిచేవారు. ఆ పొరే వచ్చిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని మింగేసేది. మంచి ఎండలోనూ లెన్సు ఒక సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచక తప్పేది కాదు. ఆ కాస్త వ్యవధిలో నడిచే మనిషి మసకగా అలుక్కుపోతాడు. అందుకే ఆనాటి రంగు పలకల్లో దొరికేవి ఎక్కువగా కట్టడాలు, ఆగమంటే ఆగి నిలబడిన మనుషులు. వీధి ఉంది గానీ, వీధిలోని రద్దీ లేదు.

రద్దీని పట్టగల రంగు ఫిల్మ్ వచ్చేసరికి ఆ జనమే పలచబడ్డారు. 1923లో తుర్కీ రిపబ్లిక్ ఏర్పడింది, రాజధాని అంకారాకు పోయింది. మరుసటేడు ఒట్టోమన్ ఖలీఫా కుటుంబాన్నే దేశం నుంచి పంపేశారు. 1942లో మైనారిటీ వర్తకుల నడ్డి విరిచిన ఆస్తి పన్ను, 1955 సెప్టెంబరు 6, 7 తేదీల్లో గ్రీకుల దుకాణాల మీద పడిన మూకలు, 1964లో గ్రీసు పౌరసత్వం ఉన్నవారి బహిష్కరణ, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1920లలో లక్ష వరకూ ఉన్న గ్రీకులు ఇవాళ రెండు మూడు వేలు.

ఆ ఖాళీ అవుతున్న ఊరిని చూసినవాడు ఫొటోగ్రాఫర్ ఆరా గూలర్ (1928–2018). ఆర్మేనియన్, బేయోగ్లూలో మందుల దుకాణం నడిపినాయన కొడుకు. కుమ్‌కాపీ జాలరులు, ఆవిరి పడవల పొగ, వానకు తడిసిన రాళ్ల వీధి... పత్రికలు అచ్చేసేది నలుపు తెలుపులో కాబట్టి ఆయన తీసిందీ ఎక్కువగా అలాగే. రంగులోనూ తీశాడు, కానీ జనం మనసులో నిలిచినవి అవి కావు. నవలాకారుడు ఓర్హాన్ పాముక్ 2003లో తన ఊరి జ్ఞాపకాల పుస్తకానికి ఆయన ఫొటోలు వాడుకుంటూ, ఇస్తాంబుల్ అసలు రంగే నలుపు తెలుపని తేల్చేశాడు. బొగ్గు పొగ, రంగెరుగక నల్లబడ్డ కొయ్య ఇళ్లు చూస్తే ఆ మాట కాదనలేం. కాకపోతే, ఆ ఫొటోల్లోని విషాదం ఊరిదెంతో ఫిల్ముదీ అంతే అని నా అనుమానం.

అలెక్స్ వెబ్ 1998లో వచ్చాడు. మాగ్నమ్ ఫొటో సంస్థకు చెందిన ఈ అమెరికన్ ఫొటోగ్రాఫర్ హైతీ, మెక్సికో సరిహద్దు ఎండలు చూశాక నలుపు తెలుపు వదిలేసినవాడు. చేతిలో కోడాక్రోమ్ అనే రంగు ఫిల్మ్. వెలుగు పడ్డచోటికి లెక్క కడతాడు, నీడల్ని నల్లగా మునగనిస్తాడు. 2001లో తక్సీమ్ దగ్గరి మంగలి షాపులోంచి తీసిన ఫొటోలో అద్దాలూ బయటి వీధీ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఏది లోపల, ఏది బయట అని కన్ను కాసేపు తడుముకుంటుంది.

అతని 2007 నాటి పుస్తకానికి ముందుమాట పాముక్‌దే. అందులో సంస్కృతులు కలుస్తున్నాయి, నిజమే. అయితే కలిసేది గ్రీకూ తుర్కీ కాదు. అనటోలియా పల్లే, మహానగరమూ. 1950లో సుమారు 10 లక్షలున్న ఊరు ఇప్పుడు కోటిన్నర దాటింది. పర్యాటక ప్రకటనలు వల్లించే ‘తూర్పు పడమర’ల కన్నా నాకు ఈ కలయికే ఆసక్తి.

కోడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది. ఇక పాముకే కెమెరా పట్టాడు, అదీ రంగులో. 2012–13 చలికాలంలో తన బాల్కనీ నుంచి 8,500 ఫొటోలు తీశాడు. ఆ తర్వాత రాత్రిళ్లు సందులు తిరుగుతూ, వీధి దీపాల పసుపు వెలుగు పోయి తెల్ల బల్బులు రావడాన్ని తీసి 2020లో ‘ఆరెంజ్’గా అచ్చేశాడు. నా ఓటు ఈ రెండోదానికే. బాల్కనీ నుంచి ఓడలు బాగానే కనిపిస్తాయి గానీ, వీధి కావాలంటే కిందికి దిగాల్సిందే.