ఐస్ టీ పుట్టిల్లు వంటిల్లే

ఐస్ టీ పుట్టుక గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ కనిపిస్తుంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో భారతీయ తేయాకుకు ప్రచారం చేయడానికి వచ్చిన రిచర్డ్ బ్లెచిండెన్ వేడి టీ ఇస్తుంటే, ఎండకు అల్లాడే జనం అటువైపు తొంగి చూడలేదట. ఆయన టీలో ఐసు వేయించగానే అందరూ ఎగబడ్డారట, అలా కొత్త పానీయం పుట్టిందట. వినడానికి బాగుంది కానీ, అంతకుముందటి వంటల పుస్తకాలు ఈ కథను ఒప్పుకోవు. చల్లటి టీ ఒక్కరికి తట్టిన ఉపాయం కాదు. ఇంటి వంటిళ్లలో, తీపి వంటకాల సరసన, దశాబ్దాల పాటు రూపు దిద్దుకున్న పానీయం అది.

1839లో వెలువడిన ‘ది కెంటకీ హౌస్‌వైఫ్’లో లెటిస్ బ్రయన్ చెప్పిన టీ పంచ్ చూడండి. పైంటున్నర చిక్కటి టీకి పౌనుంపావు చక్కెర, అర పైంటు మీగడ, ఒక సీసా వైను. వేడిగానైనా, పూర్తిగా చల్లార్చైనా వడ్డించవచ్చు. మీగడా చక్కెరా ఇంతలేసి పడ్డాక అది దప్పిక తీర్చే పానీయం కన్నా భోజనానంతరపు తీపి వంటకానికే దగ్గర. నలభై ఏళ్ల తర్వాత, 1879 నాటి ‘హౌస్‌కీపింగ్ ఇన్ ఓల్డ్ వర్జీనియా’లో వైను, మీగడ పోయి గ్రీన్ టీ, ఐసు, నిమ్మరసం మిగిలాయి. పొద్దున కాచి, వడగట్టి, రాత్రి భోజనం వేళకు గ్లాసుల నిండా ఐసు వేసి పోయాలి. ఒక్కో గ్లాసుకు రెండు చెంచాల చక్కెర మాత్రం తప్పదు. 1884లో మేరీ లింకన్ రాసిన బోస్టన్ వంటల పుస్తకంలోనూ చల్లటి టీ గ్లాసులోకి ముందుగా చేరేవి రెండు చక్కెర బిళ్లలే.

ఇవి నాలుగు సంపన్న కుటుంబాల ముచ్చట్లే, జనంలోకి తెచ్చింది ప్రదర్శనే కదా అని ఎవరైనా అనవచ్చు. కానీ 1890లో, సెయింట్ లూయిస్ ఉన్న మిస్సోరీ రాష్ట్రంలోనే, నెవాడా పట్టణంలో మాజీ సైనికుల సమావేశం జరిగింది. అక్కడ ఖర్చయిన సరుకుల లెక్కను స్థానిక పత్రిక అచ్చువేసింది. అందులో 880 గాలన్ల ఐస్ టీ ఉంది, 600 పౌన్ల చక్కెర ఉంది. ప్రదర్శనకు పద్నాలుగేళ్ల ముందే మామూలు జనం బంతిభోజనంలో తాగిన పానీయాన్ని 1904లో కనిపెట్టారనడం కుదరదు. ఐసు చేతికందడమే అసలు కారణమన్న వాదన ఇంతకన్నా బలమైనదే, కానీ అదీ సగం నిజమే. బోస్టన్ మంచు వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ సరుకు 1833లో కలకత్తా చేరింది. 1842లో మద్రాసులో దాన్ని దాచడానికి ఐస్ హౌస్ కట్టారు. అయినా తెలుగు ఇళ్లలో ఐస్ టీ పుట్టలేదు, ఎందుకంటే టీ అలవాటే మనకు ఇరవయ్యో శతాబ్దపు ప్రచారంతో గాని రాలేదు. టీ, ఐసు, చక్కెర మూడూ ఒకే వంటింట్లో కలవాలి. అమెరికాలో అవి కలిశాయి. బ్లెచిండెన్‌కు దక్కాల్సిన ఘనత వేరే ఉంది. చైనా, జపాన్ గ్రీన్ టీలకు అలవాటుపడిన ఆ దేశంలో భారతీయ నల్ల టీకి ఆదరణ పెంచినవారిలో ఆయన ఒకడు.

ఈ చరిత్ర తెలిస్తే, కారమెల్, వెనిలా, చాక్లెట్ పరిమళాల టీలను ఐసుతో తాగేవారిని చిన్నచూపు చూడలేం. అసలైన టీకి ఈ వాసనలెందుకు అంటారు. మల్లెపూలతో ఆకుకు వాసన పట్టించడం చైనాలో శతాబ్దాల నాటి విద్య, అదీ కల్తీయేనా? డబ్బాల్లో పేరుకుపోయిన రకరకాల టీలను ఖర్చు చేయడానికీ ఇలా చల్లగా తాగడమే మంచి దారి. నిలవున్న ఆకు రోజురోజుకూ పరిమళం కోల్పోతుంది, దాచుకున్నకొద్దీ నష్టమే. చన్నీళ్లలో నానబెడితే వగరు తక్కువ దిగుతుంది. కాస్త చక్కెర, ఇష్టమైతే కొంచెం మీగడ కలిపితే, ఆ ఆకులో మిగిలిన తియ్యటి వాసన వృథా కాదు. 1839లో కెంటకీ గృహిణికి నేర్పిన రుచి అదే. దాన్ని నేటి వింతగా కొట్టిపారేయడం చరిత్రకు అన్యాయం.