వేవర్లీని చదివినవాళ్ళు

1814 సెప్టెంబరు 28న జేన్ ఆస్టిన్ తన అన్నగారి కూతురు ఆనాకి ఒక ఉత్తరం వ్రాసింది. ఆనా కూడా అప్పట్లో ఒక నవల మొదలుపెట్టి, అధ్యాయాలు మేనత్తకి పంపి సలహాలడుగుతూ ఉండేది. ఆ ఉత్తరంలో వాల్టర్ స్కాట్ మీద ఒక ఫిర్యాదు ఉంది. ఆయనకి కవిగా కావలసినంత కీర్తి ఉంది, డబ్బూ ఉంది. అలాంటాయన ఇప్పుడు నవలలు వ్రాయడమేమిటి, అందులోనూ మంచి నవలలు? మాబోటివాళ్ళ నోటిదగ్గర కూడు లాక్కోవడం కాకపోతే! ఇదీ ఆవిడ బాధ. 'వేవర్లీ' తనకు నచ్చకుండా ఉండేందుకు శాయశక్తులా ప్రయత్నిస్తాననీ, కానీ నచ్చి ఊరుకుంటుందేమోనని భయంగా ఉందనీ కూడా అంది.

తోటి రచయిత పుస్తకం గురించి ఇంత నిజాయితీగా అభిప్రాయం చెప్పినవాళ్ళు మరొకరు నాకు తెలియదు. మనసులో అనుకునేవాళ్ళం చాలామందిమి ఉన్నాం, అది వేరే సంగతి.

తమాషా ఏమిటంటే, అసలు ఆ పుస్తకం మీద స్కాట్ పేరు లేదు. జూలై 7న ఎడింబరోలో మూడు సంపుటాలుగా, కర్త పేరు లేకుండా వెలువడింది. వెల 21 షిల్లింగులు. మొదట వెయ్యి ప్రతులు వేస్తే చూస్తూండగానే చెల్లిపోయి, ఆ ఏడాదిలోనే మళ్ళీ మళ్ళీ అచ్చువెయ్యవలసి వచ్చింది. ప్రచురణకర్త కాన్‌స్టేబుల్ ముందుగా 700 పౌన్లిచ్చి హక్కులు కొనేస్తానంటే, పుస్తకం పోకపోతే అది మరీ ఎక్కువ, పోతే మరీ తక్కువ అన్నాట్ట స్కాట్. చివరికి లాభంలో చెరిసగం అనుకున్నారు. కవిగారు లెక్కల్లోనూ గట్టివాడే! పేరు దాచిన ఈ వ్యవహారం, 1827 ఫిబ్రవరిలో ఎడింబరోలో ఒక విందులో తనే నలుగురి ముందూ ఒప్పుకునేదాకా సాగింది. అప్పటికి సగం దేశానికి తెలుసు. ఆస్టిన్‌కైతే మూడు నెలల్లోపే తెలిసిపోయింది. ఆవిడ పుస్తకాల మీదా ఆవిడ పేరుండేది కాదనుకోండి.

కథ చదవనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. 1745. ఎడ్వర్డ్ వేవర్లీ అనే ఇంగ్లీషు యువకుడు సైన్యంలో చేరి స్కాట్లండ్ వస్తాడు. కుర్రవాడికి పుస్తకాల పిచ్చి, పగటికలల పిచ్చి. కొండ ప్రాంతంలో ఫెర్గస్ మెక్ఐవర్ అనే తెగ నాయకుడి దగ్గరికి చేరతాడు. అతని చెల్లెలు ఫ్లోరా జలపాతం పక్కన కూర్చుని వీణలాంటి వాద్యం మీద పాడుతూంటే మనవాడికి మతి పోతుంది. ఆ పారవశ్యంలో సొంత రాజుకే ఎదురు తిరిగి, సింహాసనం కోసం దండెత్తి వచ్చిన చార్లెస్ ఎడ్వర్డ్ పక్షాన చేరిపోతాడు. ప్రెస్టన్‌పాన్స్‌లో గెలుపు, డర్బీ దాకా వెళ్ళి వెనక్కి మళ్ళడం — ఇదంతా చరిత్రలో జరిగిందే. చివరికి ఫెర్గస్ కార్లైల్‌లో ఉరికంబమెక్కుతాడు. వేవర్లీకి మాత్రం పెద్దవాళ్ళ సిఫార్సుతో క్షమాభిక్ష దొరుకుతుంది. ఫ్లోరా పారిస్‌లో సన్యాసినుల మఠానికి వెళ్ళిపోతుంది. వేవర్లీ, జమీందారు కూతురు, నెమ్మదస్తురాలు రోజ్‌ని పెళ్ళి చేసుకుంటాడు.

ఐర్లండ్‌లో నవలా రచయిత్రి మరియా ఎడ్జ్‌వర్త్ ఇంట్లో దీన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని బిగ్గరగా చదివించుకుని విన్నారు. ఆఖరి పుట అయిన గంటలోపే, అక్టోబరు 23న, ఆవిడ పేరు తెలియని గ్రంథకర్తకి ఉత్తరం వ్రాసింది. ఈ మనుషులంతా నిజంగా ఉన్నారనే భ్రమలో పడిపోయామనీ, అందుకే మధ్యమధ్య రచయిత తలదూర్చి పాఠకులతో మాట్లాడుతూంటే భరించలేకపోయామనీ అంది. మొదట ఫ్లోరాయే నాయిక అనుకున్నారట. రానురాను ఆవిడ మీద మెప్పు అలాగే ఉండి, ప్రేమ మాత్రం మెల్లగా రోజ్ వైపు మళ్ళిందట. పుస్తకం చివర మాటలో స్కాట్ తననే మెచ్చుకుని, ఆవిడ ఐర్లండ్‌కి చేసినట్టే నేను స్కాట్లండ్‌కి చెయ్యబోయాను అనే అర్థం వచ్చేలా వ్రాశాడు. ఆ సంగతి ఆవిడకి చివరిదాకా తెలియదు! చదివేవాళ్ళు అక్కడికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఎంత సంబరం జరిగి ఉంటుందో.

ఇంకో పాఠకురాలుంది. ఇంగ్లండ్ నడిగడ్డలో ఒక పల్లెలో, ఎనిమిదేళ్ళ పిల్ల. పొరుగువాళ్ళు వాళ్ళక్కకి 'వేవర్లీ' ఎరువిస్తే ఈ పిల్ల పట్టుకు కూర్చుంది. కథ పూర్తి కాకుండానే పుస్తకం తిరిగి ఇచ్చెయ్యవలసి వచ్చింది. ఏడ్చిందో లేదో తెలియదుగానీ, కలం పట్టుకుని తను చదివినంత మేరా కథని తనే వ్రాయడం మొదలుపెట్టింది. ఆ పిల్లే పెరిగి జార్జ్ ఎలియట్ అయింది. ఒక పుస్తకానికి ఇంతకంటే మంచి సమీక్ష ఉంటుందా?

సమీక్ష అన్నాను గనక, క్వార్టర్లీ రివ్యూలో జాన్ విల్సన్ క్రోకర్ సంగతి చెప్పాలి. ఇంత తెలిసినవాడు హాయిగా ఆ కాలపు చరిత్రే వ్రాయకూడదా, ఇంకో అరవై ఏళ్ళకి దీన్ని ఉత్త కాల్పనిక కథగా పక్కన పారేస్తారు గదా అని ఆయన విచారం. చారిత్రక నవల వ్రాసిన ప్రతివాళ్ళకీ ఈ మాట ఎవరో ఒకరు చెబుతారు. ఆ క్వార్టర్లీలోనే 1817లో స్కాట్ తన మరో పుస్తకం మీద తనే పేరు లేకుండా సమీక్ష వ్రాసుకున్నాడంటే నమ్ముతారా? నిజమే. తప్పులు కూడా ఎంచాడు, అనుమానం రాకుండా.

అన్నిటికంటే కఠినమైన అభిప్రాయం కూడా స్కాట్‌దే. తన కథానాయకుడు వెన్నెముక లేని చవట అని స్నేహితుడు మోరిట్‌కి ఉత్తరం వ్రాశాడు. ఫ్లోరాయే వీణ్ణి కట్టుకుని ఉంటే బొమ్మని పెట్టినట్టు తీసి పొయ్యిగూటి మీద పెట్టి ఉండేదని వేళాకోళం చేశాడు. నూట ఇరవై ఏళ్ళ తరవాత, 1937లో, లూకాచ్ అనే హంగేరీ విమర్శకుడు ఇదే గుణాన్ని పట్టుకుని, అటూ ఇటూ కాని ఈ సాదా మనిషి వల్లనే రెండు పక్షాల్నీ చూపించడం స్కాట్‌కి సాధ్యమైందన్నాడు. లూకాచ్ చెప్పింది సబబే. అయినా ఆడదాన్నిగా నా ఓటు పొయ్యిగూటికే.

నాకు ఎడ్జ్‌వర్త్‌గారితో పేచీ కూడా ఇక్కడే. రోజ్ మంచిపిల్ల, కాదనను. కానీ మొత్తం పుస్తకంలో నన్ను పట్టుకు వదలనిది పెళ్ళి కాదు. రేపు అన్నకి ఉరి అనగా ఫ్లోరా ఒక గదిలో ఒంటరిగా కూర్చుని తెల్లటి బట్ట కుడుతూంటుంది. అది అన్న శవానికి చుట్టే బట్ట. వేవర్లీ వస్తే, ఈ పిచ్చి ఆశ అన్నలో రగిలించింది తనేననీ, తన పట్టుదలే అతన్ని చంపుతోందనీ అంటుంది. నా కథలు సీరియల్‌గా వస్తున్నప్పుడు, వాళ్ళిద్దరికీ పెళ్ళి చెయ్యండి, ఉసురు పోసుకోకండి అని ఉత్తరాలు వస్తూంటాయి. స్కాట్‌కి పాఠకుల సంగతి బాగా తెలుసు. పెళ్ళి చేశాడు. కుట్టుపని మాత్రం మరిచిపోనివ్వలేదు.

అంతకుముందు న్యాయస్థానంలో ఇంకో ఘట్టం ఉంది. ఫెర్గస్ అనుచరుడు ఎవన్ లేచి, మా నాయకుణ్ణి వదిలేస్తే బదులుగా మా తెగలో మేలైనవాళ్ళని ఆరుగుర్ని నేనే వెళ్ళి తీసుకొస్తాను, ఉరి నాతోనే మొదలుపెట్టండి అంటాడు. కోర్టులో జనం నవ్వుతారు. మాట తప్పి తిరిగి రాననుకుని నవ్వుతున్నారేమో, మీకు కొండవాడి మనసు తెలియదు అని వాళ్ళ నోళ్ళు మూయిస్తాడు.

ఇంత తెలిసిన స్కాట్ కథని ఎలా ముగించాడు? అందరూ పోయాక, జమీందారు భోజనాల గదిలో ఒక పెద్ద వర్ణచిత్రం వేలాడదీస్తారు. అందులో ఫెర్గస్, వేవర్లీ కొండవాళ్ళ దుస్తుల్లో నిలబడి ఉంటారు. 1746 ఏప్రిల్ 16న కలోడెన్‌లో గంటసేపైనా సాగని యుద్ధంలో ఈ తెగలన్నీ నేల కూలాయి. ఆ యుద్ధం నవలలో కళ్ళకి కట్టించనే లేదు. పటం మాత్రం ఉంది. చూసి, కాస్త నిట్టూర్చి, భోజనానికి కూర్చోవచ్చు.

పాఠకులు సరిగ్గా అదే చేశారు. యువరాజు జార్జ్‌కి, అంటే ఎవరి ముత్తాత సింహాసనం కోసం కలోడెన్ జరిగిందో ఆయనకే, ఈ పుస్తకం ప్రాణం. 1815లో స్కాట్‌ని విందుకి పిలిచి, 'వేవర్లీ' కర్త ఆరోగ్యానికి అంటూ పానపాత్ర ఎత్తాడు. 1822లో ఆయన రాజుగా ఎడింబరో వస్తే ఉత్సవమంతా స్కాటే నడిపించాడు. కలోడెన్ తరవాత కొండవాళ్ళు గళ్ళ బట్ట కట్టకూడదని చట్టం చేశారు. 1782 దాకా అది అమల్లో ఉంది. అదే గళ్ళ కిల్టు ఇప్పుడు రాజుగారే కట్టారు, కాళ్ళకి లేత గులాబీరంగు మేజోళ్ళతో. ఆయన స్థూలకాయుడు పాపం, వ్యంగ్య చిత్రకారులకి పండగైంది.

ఇక 1814 సంగతి. 'వేవర్లీ' అచ్చులో ఉండగా, ఆ జూన్‌లోనే, స్కాట్లండ్ ఉత్తరాన సదర్లండ్ జమీలో స్ట్రాత్‌నేవర్ అనే లోయ ఖాళీ చేయిస్తున్నారు. గొర్రెలకి మేత భూమి కావాలి, మనుషులు అడ్డం. జమీ ఏజెంటు పాట్రిక్ సెల్లర్ మనుషులు ఇళ్ళ కప్పులు లాగి, దూలాలకి నిప్పుపెట్టారు. కదల్లేని ముసలావిడని కాలుతున్న ఇంట్లోంచి బయటికి మోసుకొస్తే కొద్దిరోజులకే చనిపోయింది. 1816లో సెల్లర్ మీద విచారణ జరిగింది. నిర్దోషి అన్నారు. ఎడింబరోలో, లండన్‌లో చలిమంటల పక్కన కూర్చుని ఎవన్ త్యాగానికి కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళ కాలంలోనే, ఎవన్ మనవలు సముద్రపుటొడ్డున చిన్న చిన్న రాతి చెక్కల మీద బతుకు వెతుక్కుంటున్నారు. కొందరు ఓడలెక్కారు. ఫెర్గస్‌కి నమూనా అని చెప్పుకునే గ్లెన్‌గారీ నాయకుడు కూడా 1822 ఉత్సవంలో అనుచరులతో ఊరేగాడు. ఆయన భూముల్లోంచి రైతులు వెళ్ళిపోతూనే ఉన్నారు.

ఇది స్కాట్ చేసిన పాపం అని నేననను. అలాంటి నేరారోపణ చెయ్యడానికి మార్క్ ట్వేన్ ఉన్నాడు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలకి లేనిపోని వీరత్వం, బిరుదుల మోజు నేర్పి అంతర్యుద్ధం తెచ్చిపెట్టింది స్కాట్ నవలలేనని 1883లో వ్రాసేశాడు. చాలనట్టు 'హకల్‌బెరీ ఫిన్'లో మునిగిపోతున్న పడవకి వాల్టర్ స్కాట్ అని పేరు పెట్టాడు. మనవైపు అదే పేరు గౌరవం. బంకించంద్రుణ్ణి బెంగాల్ స్కాట్ అన్నారు, మన చిలకమర్తివారిని ఆంధ్రా స్కాట్ అన్నారు. ఆయన 'హేమలత' చిత్తూరు కోట కథ. ఓడిపోయిన రాజ్యాల మీద మనకీ మమకారం ఎక్కువే గదా.

అయితే ఇన్ని అభిప్రాయాల్లో ఒకరిది మాత్రం నాకు కనిపించదు. ఈ కథ ఎవరి గురించో ఆ కొండవాళ్ళది. వాళ్ళ భాష గేలిక్. 21 షిల్లింగుల ఇంగ్లీషు నవల వాళ్ళ చేతికి వచ్చేది కాదు. దగ్గరగా వచ్చేది ఒక్కటే ఉంది. డొనాల్డ్ మెక్లౌడ్ అని స్ట్రాత్‌నేవర్‌కి చెందిన రాతిపని మేస్త్రీ. ఇళ్ళు కాలడం కళ్ళారా చూసినవాడు. 1840 ప్రాంతంలో ఎడింబరో పత్రికకి వరసగా లేఖలు వ్రాశాడు. ఎవరి ఇల్లు, ఎక్కడ, ఎలా అన్నీ పూసగుచ్చినట్టు. తరవాత కెనడా వెళ్ళిపోయాడు.

1854లో హారియట్ బీచర్ స్టోవ్ తన ప్రయాణాల పుస్తకంలో సదర్లండ్ కుటుంబాన్ని వెనకేసుకొచ్చింది. అదంతా అభివృద్ధేననీ, దౌర్జన్యాల కథలు కట్టుకథలనీ వ్రాసింది. 'అంకుల్ టామ్స్ కాబిన్' వ్రాసిన మనిషి! ఆవిడ తండ్రి మతబోధకుడు. ఇంట్లో నవలలు నిషేధం, ఒక్క స్కాట్‌వి తప్ప. ఒక వేసవిలో 'ఐవన్హో'ని ఏడుసార్లు చదివిన ఇల్లది. స్కాట్లండ్ వచ్చి స్కాట్ ఇల్లు భక్తిగా చూసి వెళ్ళింది కూడా. మెక్లౌడ్ తన పాత లేఖలన్నీ మళ్ళీ తీసి, ఆవిడకి జవాబు చేర్చి, 1857లో టొరంటోలో పుస్తకంగా అచ్చువేయించాడు. ఆవిడ పుస్తకం పేరు పరదేశాల వెలుగుల జ్ఞాపకాలు. ఈయన తన పుస్తకానికి చీకటి జ్ఞాపకాలు అని పెట్టుకున్నాడు.