వలస, వార్త, సాన్నిహిత్యం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో సమాచార సాధనాల చరిత్ర

వ్యాస సంగ్రహం:
ఆధునిక సమాచార సాధనాలు మనుషుల మధ్య సాన్నిహిత్యాన్ని తగ్గిస్తున్నాయనే అభిప్రాయం ప్రధానంగా నగర జీవితాన్ని ఆధారం చేసుకొని ఏర్పడింది. వలస జీవనాధారమైన ప్రాంతాలకు ఈ అభిప్రాయం యథాతథంగా వర్తించదు. నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎడబాటు ముందు వచ్చింది. దానిని తట్టుకొనే సాధనాలు ఆ తరువాత వచ్చాయి. సంస్థానాల కాలం నుండి స్మార్ట్‌ఫోను వరకు ఈ సాధనాల క్రమాన్ని పరిశీలించి, అవి సాన్నిహిత్యపు పరిమాణం కంటే దాని స్వభావాన్ని ఎక్కువగా మార్చాయని, ఇద్దరి మాటల మధ్య నిలిచే మూడవ మనిషి స్థానమే ఆ మార్పుకు కేంద్రమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పాలమూరు, వలస, ఉత్తరం, మనియార్డరు, టెలిఫోను, సెల్‌ఫోను, సాన్నిహిత్యం, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న నడిగడ్డ, దానికి ఉత్తరాన వనపర్తి, తూర్పున నల్లమల అంచు వరకు విస్తరించిన నాగర్‌కర్నూల్ ఒకప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. 2016 అక్టోబరు 11న ఇవి మూడు జిల్లాలయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ మూడింటి జనాభా సుమారు 20 లక్షలు. రెండు పెద్ద నదులు పక్కనే పారుతున్నా, ఎత్తుమీది పొలాలకు ఆ నీరు ఎక్కక చాలా కాలం వానమీద ఆధారపడిన నేల ఇది. కరువు, అప్పు, మేస్త్రీ చేతి అడ్వాన్సు కలిసి ఇక్కడి కుటుంబాలను ఏటా ఊరు దాటించాయి. 'పాలమూరు లేబర్' అనే మాట దేశంలోని అనేక నిర్మాణ స్థలాల్లో ఒక వృత్తినామంగా స్థిరపడటం ఈ చరిత్ర ఫలితమే.

కాబట్టి ఈ ప్రాంతంలో 'ఫోను మనుషులను దూరం చేసిందా?' అన్న ప్రశ్న వేయడానికి ముందు మరొక ప్రశ్న వేయాలి. ఫోను లేని రోజుల్లో, దూరాన ఉన్న మనిషితో ఇక్కడి ఇల్లు ఎలా మాట్లాడింది? ఎవరి నోటితో, ఎవరి చేతిరాతతో మాట్లాడింది?

2. సంస్థానాల కాలం: మనిషే వార్త:

నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు పండిత పోషణకు పేరుపొందాయి. 'విద్వద్గద్వాల' అన్న ప్రసిద్ధి అలా వచ్చినదే. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలతో సత్కారాలు పొందారు. ఆ కాలంలో కవికి, ప్రభువుకు నడుమ పరిచయం ప్రధానంగా రాకపోకల మీద ఆధారపడింది. మనిషి వస్తేనే వార్త వచ్చేది. వర్షాకాలంలో కృష్ణ పొంగితే పుట్టిలో దాటడం ప్రాణాపాయం. నది తగ్గేదాకా అవతలి గట్టు బంధువు క్షేమం ఇవతలి గట్టుకు తెలిసేది కాదు. వచ్చిన మనిషి రోజుల తరబడి ఉండేవాడు. రాక అరుదు కాబట్టి ఆతిథ్యం దీర్ఘం.

రైలు, టపా, పత్రిక ఈ పరిస్థితిని క్రమంగా మార్చాయి. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది తెలంగాణ కవుల రచనలను ప్రకటించారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇంతమందిని ఒక్క గ్రంథంలో కూర్చడం, టపా, ముద్రణ లేని కాలంలో ఊహించరానిది. ముఖపరిచయం లేకుండానే ఆత్మీయత ఏర్పడే అవకాశాన్ని ఈ ప్రాంత విద్యావంతులు ఇలా తొలిసారి విస్తృతంగా అనుభవించారు. అయితే ఆ అవకాశం అక్షరం తెలిసినవారికే పరిమితం.

3. టపా కాలం: చదివి వినిపించే ఉత్తరం:

హైదరాబాదు రాజ్యపు ప్రత్యేక తపాలా వ్యవస్థ 1950లో భారత తపాలా శాఖలో విలీనమైంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ ఆనకట్ట పనిలో పాలమూరు కూలీలు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. తరువాతి దశాబ్దాల్లో బొంబాయి, పూణే, బెంగళూరు, హైదరాబాదు నగరాల నిర్మాణాల్లో, ఇతర రాష్ట్రాల కాలువలు, ఆనకట్టల పనుల్లో వారు కనిపిస్తారు. దూరంతోపాటు ఉత్తరం అవసరమూ పెరిగింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన వాస్తవాన్ని గమనించాలి. 1991 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 30 శాతం లోపే. స్త్రీలలో 20 శాతం లోపే. అంటే వలస వెళ్ళినవారిలోనూ, ఊళ్ళో మిగిలినవారిలోనూ అత్యధికులు ఉత్తరాన్ని రాయలేరు, చదవలేరు. పంపేచోట రాసిపెట్టే మనిషి, అందేచోట చదివి వినిపించే మనిషి కావాలి. ఊళ్ళో ఆ పని బడిపంతులు, పోస్టుమ్యాన్, లేదా నాలుగు తరగతులు చదివిన పక్కింటి పిల్లవాడు చేసేవారు.

ఈ ఏర్పాటు ఉత్తరపు భాషను నిర్ణయించింది. 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం' అనే మూసలో క్షేమసమాచారం, డబ్బు, వానలు, పశువులు, పెద్దల ఆరోగ్యం వరుసగా వచ్చేవి. భార్య తన బెంగను పన్నెండేళ్ళ పిల్లవాడికి చెప్పి రాయించలేదు. భర్త తన అనారోగ్యాన్ని మేస్త్రీ మనిషి చేత రాయించడానికి వెనుకాడతాడు. అందుకే ఈ ఉత్తరాల్లోని పొడిదనాన్ని ప్రేమ లోపించడానికి గుర్తుగా చదవడం చారిత్రక దోషం. అది మూడవ మనిషి ఎదుట పాటించిన మర్యాద.

మరోవైపు, ఆ మూడవ మనిషి వల్లనే ఉత్తరం వాడకట్టు అంతటిదీ అయ్యేది. ఒక ఇంటికి వచ్చిన కార్డులో అదే గుంపులో వెళ్ళిన మరో నాలుగిళ్ళ వారి క్షేమం ఉండేది. చదువుతున్నప్పుడు అరుగుమీద నలుగురు చేరేవారు. దుఃఖవార్త వచ్చినా వినే మనిషి ఒంటరిగా ఉండేది కాదు. తంతి అందిందంటే చావు కబురేనని, విప్పకముందే ఏడుపు మొదలయ్యే ఆచారం పలు గ్రామాల జ్ఞాపకాల్లో నిలిచింది.

ఈ కాలపు సాన్నిహిత్యానికి అత్యంత విలువైన సాక్ష్యం ఉత్తరం కాదు, మనియార్డరు. భారత తపాలా శాఖ 1880లో ప్రారంభించిన ఈ సేవలో, ఫారం అడుగున రెండు మాటలు రాయడానికి చిన్న కూపన్ ఉండేది. సొమ్ము అందుకున్నవారి సంతకంతో లేదా వేలిముద్రతో రసీదు పంపినవారికి తిరిగి చేరేది. అక్షరం రాని ఇల్లాలు తన చేత్తో భర్తకు పంపగలిగినది ఆ వేలిముద్ర ఒక్కటే. అందులో వేరొకరి మాట లేదు. 'బతికే ఉన్నాను, అందింది' అని చెప్పిన ఆ గుర్తును, లెక్కల కాగితంగా మాత్రమే చూస్తే దాని అర్థంలో సగం పోతుంది.

4. బూతు కాలం: అక్షరం అవసరం లేని మాట:

1984లో ఏర్పడిన సీ-డాట్ గ్రామీణ పరిస్థితులకు తగిన చిన్న టెలిఫోను ఎక్స్చేంజీలను రూపొందించింది. ఆ తరువాతి దశాబ్దంలో పసుపుపచ్చ బోర్డుల ఎస్టీడీ బూతులు పట్టణాల బస్టాండ్ల దగ్గర, ఆపై పెద్ద గ్రామాల్లో వెలిశాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి తాలూకా కేంద్రాలు చుట్టుపక్కల ఊళ్ళకు మాటల సంతలయ్యాయి.

దీని చారిత్రక ప్రాముఖ్యం వేగంలో మాత్రమే లేదు. అక్షరాస్యత తక్కువైన సమాజంలో తొలిసారిగా మనిషి తన గొంతుతో తానే దూరానికి మాట్లాడాడు. రాసే చేయి, చదివే కన్ను తప్పుకొన్నాయి. తల్లి దగ్గు కొడుక్కు వినిపించింది. 'బాగున్నా' అన్న మాట వెనక బాగులేదన్న సంగతి తెలిసిపోయింది. ఉత్తరం దాచగలిగినదాన్ని గొంతు దాచలేదు.

అయినా మూడవ మనిషి పూర్తిగా పోలేదు. ఊళ్ళో ఫోను ఉన్న ఒకటి రెండు ఇళ్ళ నంబర్లే వాడకట్టుకు 'పీపీ నంబర్లు'. కబురు పంపి, పిలిపించి, మళ్ళీ ఫోను మోగేదాకా ఆ ఇంటి వసారాలో నిలబడాలి. ఫోను ఉన్న ఇల్లు సాధారణంగా ఆస్తి ఉన్న ఇల్లు. ఆ గడపలో ఎవరు ఎక్కడిదాకా రావచ్చునన్నది కులం, హోదా నిర్ణయించేవి. బూతులో మీటరు అంకెలు తిరుగుతుంటే మాట తొందరపడేది. రాత్రి పొద్దుపోయాక చార్జీ తగ్గేది కాబట్టి ఆత్మీయ సంభాషణకు ఒక వేళ ఏర్పడింది.

5. సెల్‌ఫోను: మూడవ మనిషి నిష్క్రమణ:

దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. అయితే కూలి కుటుంబానికి అసలు మార్పు 2003 మే నుండి ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితం కావడంతో మొదలైంది. ఫోను ఉంచుకోవడానికి ఖర్చు తగ్గింది. మాట్లాడాలంటే ఒక మిస్డ్ కాల్ చాలు. ఒక్కసారి మోగి ఆగితే క్షేమం, రెండుసార్లు మోగితే తిరిగి చేయమని అర్థం వంటి సంకేతాలను ఇళ్ళు ఎవరికి వారే కల్పించుకున్నాయి. అక్షరం రానివారు అంకెలను ఆకారంగా గుర్తుపెట్టుకున్నారు.

2016 సెప్టెంబరులో చౌకైన ఫోర్‌జీ డేటా మార్కెట్లోకి రావడం, అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడటం, నవంబరులో వాట్సాప్‌లో వీడియో కాల్ ప్రారంభం కావడం ఒకే రుతువులో జరిగాయి. తల్లిదండ్రులు పనికి వెళితే అవ్వాతాతల దగ్గరో, వలస పిల్లల కోసం నడిపిన సీజనల్ హాస్టళ్ళలోనో పెరిగిన పిల్లలు ఈ జిల్లాల్లో ఎందరో ఉన్నారు. అలాంటి బిడ్డకు తల్లి ముఖం రోజూ కనిపించడం చిన్న మార్పు కాదు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో రవాణా నిలిచిపోయినప్పుడు, దూర నగరాల్లో చిక్కుకున్న కూలీకి, ఇంటికి మధ్య మిగిలిన దారి ఈ తెర ఒక్కటే.

అయితే లాభంతోపాటు మూడు నష్టాలను గుర్తించాలి. మొదటిది, వార్త ఏకాంతమైంది. ఇద్దరి మధ్య మాట స్వేచ్ఛ పొందింది. కానీ కష్టం వచ్చినప్పుడు అరుగుమీది నలుగురు లేరు. రెండవది, జవాబు ఆలస్యం కావడం నేరమైంది. ఉత్తరానికి పదిరోజులు పట్టడం సహజం. ఫోను ఎత్తకపోవడం అనుమానానికి కారణం. ఈ అనుమానపు బరువు ఎక్కువగా స్త్రీలే మోస్తున్నారు. ఫోను భర్త గొంతును ఇంటికి తెచ్చినట్లే, భర్త నిఘానూ తెచ్చింది. మూడవది, అదే నంబరుకు మేస్త్రీ, అప్పిచ్చినవాడు కూడా ఫోను చేయగలరు. పండుగకు ఇంటికి వచ్చిన మనిషి పనిస్థలం నుండి పూర్తిగా రావడం లేదు.

ఈ మార్పు అందరికీ సమానంగా అందనూ లేదు. నల్లమల లోపలి చెంచు పెంటల్లో సిగ్నల్ అంతంతమాత్రం. 2011 లెక్కలను కొత్త జిల్లాలవారీగా విభజిస్తే జోగులాంబ గద్వాల అక్షరాస్యత సుమారు 50 శాతమే. తెరమీద రాత పెరిగేకొద్దీ, గొంతు తొలగించిన అక్షరపు అడ్డంకి కొత్త రూపంలో తిరిగి వస్తున్నది. మెసేజ్ చదివిపెట్టే మనవడు ఆనాటి ఉత్తరం చదివిన పిల్లవాడి వారసుడే. వాయిస్ మెసేజ్‌ను ఈ ప్రాంతపు పెద్దలు ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు.

6. సాధనమా, నీరా?:

ఈ చరిత్ర నుండి ఒక హెచ్చరిక కూడా గ్రహించాలి. ఎడబాటును భరించగలిగేలా చేసిన సాధనం, ఎడబాటును సహజంగా కనిపింపజేసే ప్రమాదం ఉంది. 'రోజూ మాట్లాడుతున్నాం కదా' అన్న మాట, ఇల్లు చేరే రోజును వాయిదా వేయడానికి సమర్థన కాగలదు. నిజానికి మనుషులను ఒకచోటికి చేర్చగలిగినది పొలానికి నీరు, ఊళ్ళో పని. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల నీరు అందిన చోట కుటుంబం ఊళ్ళో నిలిచే అవకాశం పెరిగింది. పీర్ల పండుగకో, ఉగాదికో, మల్దకల్ తిమ్మప్ప జాతరకో మనుషులు నేటికీ వందల మైళ్ళు ప్రయాణించి రావడం, తెర ఎంత స్పష్టమైనా ముఖాముఖికి ప్రత్యామ్నాయం కాలేదని చెబుతున్నది.

7. చరిత్ర రచనకు ఎదురయ్యే సమస్య:

కార్డు ముక్క సందూకులో మిగిలింది. ఫోను సంభాషణ గాలిలో కలిసింది. కాల్ రికార్డు ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నదే చెబుతుంది. ఏమి మాట్లాడుకున్నారో చెప్పదు. వాయిస్ మెసేజ్‌లు ఫోను మారితే పోతాయి. తమ గొంతుతో తాము స్వేచ్ఛగా మాట్లాడుకున్న తొలి తరం గురించే మనకు తక్కువ ఆధారాలు మిగలబోతున్నాయి. తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. పాత తరహా మనియార్డరు కూడా 2015 నాటికి ఆగింది. వాటిని అందుకున్నవారు, అందించిన పోస్టుమ్యాన్లు, బూతులు నడిపినవారు ఇప్పుడు వృద్ధులు. ఈ మూడు జిల్లాల కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు విద్యార్థుల చేత వారి ఇళ్ళలోని ఉత్తరాలు, మనియార్డరు కూపన్లు సేకరింపజేయడం, వలస కుటుంబాల అనుమతితో వారి జ్ఞాపకాలను నమోదు చేయించడం తక్షణ కర్తవ్యం. కుటుంబ రహస్యాలకు సంబంధించిన సామగ్రి కాబట్టి, ఏది బయటపెట్టాలో నిర్ణయించే హక్కు ఆ కుటుంబానిదే కావాలి.

8. ముగింపు:

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల అనుభవాన్ని బట్టి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఇక్కడ సమాచార సాధనం సాన్నిహిత్యాన్ని హరించలేదు. వలస హరించినదానిలో కొంత తిరిగి ఇచ్చింది. రెండు, ఉత్తరం నుండి సెల్‌ఫోను వరకు మూడవ మనిషి క్రమంగా తొలగిపోవడం వల్ల దాంపత్యం, మాతృత్వం తమ సొంత గొంతును పొందాయి. అదే సమయంలో వార్తను కలిసి మోసిన వాడకట్టు బలహీనపడింది. మూడు, మనిషి అందుబాటులో ఉండటం, మనిషి దగ్గర ఉండటం ఒకటి కావు. మొదటిదాన్ని సాధనం ఇవ్వగలదు. రెండవదానికి ఊళ్ళో బతుకుతెరువు కావాలి. పాలమూరు వలస చరిత్రను రాసేవారు కూలి రేట్లు, ఎకరాల లెక్కలతోపాటు, రసీదు మీద మిగిలిన ఒక వేలిముద్రను కూడా ఆధారంగా స్వీకరించినప్పుడే ఆ చరిత్ర పూర్ణమవుతుంది.