పట్టిక పేరు తప్పుగా రాస్తే: ఎస్.క్యూ.ఎల్. చరిత్ర నుంచి రెండు ఉదాహరణలు

పట్టిక పేరు తప్పుగా టైపు చేస్తే డేటాబేస్ ‘అలాంటి పట్టిక లేదు’ అని చెబుతుందని మీరు అనుకుంటారు. చాలాసార్లు చెబుతుంది కూడా. కానీ కొన్ని పొరపాట్లకు ఏ హెచ్చరికా లేకుండా జవాబు ఇచ్చేస్తుంది. కారణం తెలియాలంటే ఈ భాష ఎలా రూపొందిందో చూడాలి.

1970లో ఐ.బి.ఎం.కు చెందిన ఎడ్గార్ కాడ్, సమాచారాన్ని పట్టికలుగా అమర్చే సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించారు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఇంగ్లీషు వాక్యానికి దగ్గరగా ఉండే ‘సీక్వెల్’ భాషను పరిచయం చేశారు. అదే తరువాత ఎస్.క్యూ.ఎల్. అయింది. దీని తొలి ప్రమాణం 1986లో వెలువడింది.

ఆ ప్రమాణం ప్రకారం పట్టిక పేరు పక్కన ఖాళీ వదిలి మరో పదం రాస్తే అది ఆ పట్టికకు మారుపేరు. 1992 ప్రమాణం మధ్యలో ‘యాజ్’ అనే పదం రాసే వీలు కల్పించింది కానీ, తప్పనిసరి చేయలేదు. ఇప్పుడు మీరు ‘ఫ్రమ్ విద్యార్థులు, మార్కులు’ అని రాయబోయి కామా మరచిపోయారనుకోండి. మార్కుల పట్టిక అసలు తెరుచుకోదు. ‘మార్కులు’ విద్యార్థుల పట్టికకే మారుపేరవుతుంది. లెక్క తప్పుతుంది, దోషం మాత్రం కనిపించకపోవచ్చు.

రెండవది 2000లో రిచర్డ్ హిప్ రూపొందించిన ఎస్‌క్యూలైట్. జంట కొటేషన్లలో ఉన్నది పేరు అని ప్రమాణం చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌తో పొంతన కోసం ఎస్‌క్యూలైట్, ఆ పేరుతో నిలువు వరుస దొరకకపోతే దాన్ని మామూలు పదంగా తీసుకుంది. మీరు ‘ఫలితం’ అనే నిలువు వరుసను జంట కొటేషన్లలో ‘ఫలతం’ అని రాసి, అది ‘పాస్’ కాని వరుసలను తొలగించమన్నారనుకోండి. యంత్రం ‘ఫలతం’ అనే పదాన్నే ‘పాస్’తో పోలుస్తుంది. ఆ రెండూ ఎన్నడూ సమానం కావు. పాసైనవారితో సహా పట్టిక మొత్తం ఖాళీ అవుతుంది. ఇది పొరపాటని రూపకర్తలే తరువాత అంగీకరించారు. అయితే అప్పటికే ఎన్నో ప్రోగ్రాములు దీనిపై ఆధారపడ్డాయి. అందువల్ల తొలగించలేక, 2019లో దీన్ని ఆపివేసుకునే వీలు మాత్రం కల్పించారు.

పాత ప్రోగ్రాములను కాపాడాలన్న జాగ్రత్తే కొత్తవారికి ప్రమాదం కావచ్చని దీనినుంచి మీరు గ్రహించాలి. కనుక మారుపేరుకు ముందు ‘యాజ్’ రాయండి. వరుసలు తొలగించే ముందు అదే షరతుతో ‘సెలెక్ట్’ నడిపి ఎన్ని వస్తున్నాయో చూసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కామా లోపించినా క్వెరీ ఎందుకు నడుస్తుంది?